నిందయే ఋజువైన ఊరు

అమెరికా దేశపు ఈశాన్య సముద్రతీరమున మసాచుసెట్స్ అను రాష్ట్రము కలదు. పదునేడవ శతాబ్దమున అది ఆంగ్లేయుల వలస రాజ్యము. ఇంగ్లండులో తమ మతాచారములకు స్వేచ్ఛ కానరాక, ప్యూరిటనులు అను క్రైస్తవ శాఖవారు ఓడలపై సముద్రము దాటి వచ్చి అచట నివాసము లేర్పరచుకొనిరి. వారు కష్టజీవులు. అడవులు నరికి పొలములు చేసిరి. పిల్లలకు చదువు నేర్పవలెనని శాసనములు చేసిరి. 1636లోనే హార్వర్డు కళాశాలను స్థాపించిరి. చదువులేని వారే మూఢవిశ్వాసములకు లోబడుదురని మనము సాధారణముగా తలచుచుందుము. ఇంతటి విద్యాభిమానము గల జనుల నడుమ, 1692వ సంవత్సరమున, సేలం అను చోట జరిగిన ఘోరమును గూర్చి తెలిసికొన్నవారికి ఆ తలంపు నిలువదు.

సేలం రేవుపట్టణమునకు కొన్ని మైళ్ల దూరమున సేలం గ్రామముండెను. పట్టణము వర్తకులది, గ్రామము రైతులది. ఆ గ్రామమున కక్షలు మెండు. పొలముల గట్లను గూర్చి తగవులు. మతగురువునకు ఈయవలసిన జీతమును, వంటచెరకును గూర్చి తగవులు. వీనికి తోడు దేశకాల పరిస్థితులును బాగుగా లేవు. ఉత్తరపు సరిహద్దులలో ఫ్రెంచివారితోను, వారి పక్షమున నిలిచిన ఆదిమజాతులతోను యుద్ధము సాగుచుండెను. ఇండ్లు తగులబడి, ఆప్తులను కోల్పోయిన కుటుంబములు ఆ ప్రాంతమునకు వలస వచ్చుచుండెను. వలస రాజ్యపు పాత అధికారపత్రము 1684లో రద్దయ్యెను. క్రొత్త గవర్నరు 1692 మే నెల వరకు రానేలేదు. జనుల మనసులలో భయము నిండియుండెను. కాని దేనిని చూచి భయపడవలెనో వారికే స్పష్టముగా తెలియదు. ఇట్టి భయము ఎండుగడ్డి వంటిది. ఒక్క నిప్పురవ్వ పడినచో చాలును.

ఆ నిప్పురవ్వ మతగురువు ఇంటనే పడెను. ఆయన పేరు శామ్యూల్ పారిస్. 1692 జనవరిలో ఆయన కుమార్తె, తొమ్మిదేండ్ల బెట్టీయు, ఆ ఇంటనే పెరుగుచున్న మేనకోడలు అబిగైల్ విలియమ్సును వింతగా ప్రవర్తింపసాగిరి. కేకలు వేయుదురు, కాళ్లుచేతులు వంకరలు పోవును, తమ్మెవరో గిచ్చుచున్నారని, సూదులతో పొడుచుచున్నారని ఏడ్చెదరు. వైద్యుని రప్పించిరి. ఆయనకు జబ్బు అంతుపట్టలేదు. అంతుపట్టలేదని చెప్పినచో ఎంత బాగుండెడిది! ఇది దుష్టశక్తి చేసిన పనియని ఆయన తేల్చెను. తెలియని రోగమునకు ఒక పేరు దొరకెను. రోగమునకు పేరు దొరకిన పిదప దానికి కారకులెవరో వెదకుట మొదలయ్యెను. పెద్దలు పిల్లలను పదేపదే ప్రశ్నించిరి. పిల్లలు ముగ్గురు స్త్రీల పేర్లు చెప్పిరి.

ఆ ముగ్గురెవరో గమనింపుడు. ఒకతె టిటూబా, పారిస్ ఇంటిలో బానిసగా పనిచేయు స్త్రీ. రెండవ యామె సారా గుడ్. ఇల్లు వాకిలి లేక ఇంటింట యాచించి బ్రతుకు నిరుపేద. మూడవ యామె సారా ఆస్బర్న్. చాలకాలముగా జబ్బుపడి ప్రార్థనలకు రాలేకయున్న స్త్రీ. పైగా ఆమెకు ఆస్తి విషయమున ఊరిలోని బలవంతులతో తగవు కలదు. ఎదురు చెప్పుటకు బలము లేనివారిపైననే నింద మొట్టమొదట వాలెను. మార్చి 1వ తేదీన వారిని విచారించిరి. ఇద్దరు తాము నిర్దోషులమని చెప్పిరి. టిటూబా మాత్రము తాను సైతానునకు దాసినైతినని ఒప్పుకొనెను. తనవలెనే మరికొందరు కలరనియు చెప్పెను. దిక్కులేని బానిస స్త్రీ యజమానుల బెదరింపునకు లోనై చెప్పిన ఆ మాటలు ఊరినంతను వణికించెను. ఆ మరికొందరెవరు? ఈ ప్రశ్న ప్రతి ఇంటి గడపను తొక్కెను.

పిదప నింద మెట్టు మెట్టుగా పైకెగబ్రాకెను. మార్తా కోరీ అను గృహిణి ఈ పిల్లల మాటలు నమ్మదగినవి కావనెను. కొలది దినములలోనే ఆమెపై నింద పడెను. జాన్ ప్రాక్టర్ అను రైతు ఇది వట్టి నటనయని కోపించెను. ఆయన భార్యను పట్టుకొనిరి. ఆమె పక్షమున మాటలాడినందుకు ఆయననును పట్టుకొనిరి. సారా గుడ్ కుమార్తె, నాలుగైదేండ్ల పసిపాప, తల్లివలెనే మంత్రగత్తెయని సంకెలలు వేసి చెరసాలలో ఉంచిరి. ఆ పాప నెలల తరబడి అచటనే ఉండెను. విడుదలయైన పిదప కూడ ఆమె బుద్ధి స్థిరపడలేదని ఎన్నో ఏండ్ల తరువాత తండ్రి ప్రభుత్వమునకు మొరపెట్టుకొనెను. ఆ సంవత్సరము ముగియులోపల నూటయేబదిమందికి మించి నిందితులైరి. వారిలో ధనికులు, చర్చి పెద్దలు, మాజీ మతగురువు ఒకరు కూడ ఉండిరి.

చదువుకొన్న న్యాయమూర్తులుండగా నిర్దోషులకు శిక్ష ఎట్లు పడెనని మనకు సందేహము కలుగును. దానికి సమాధానము ఆ న్యాయస్థానము అంగీకరించిన సాక్ష్యములో ఉన్నది. మంత్రగత్తె తన దేహమును ఇంటనే విడిచి, ఛాయారూపమున వచ్చి జనులను హింసింపగలదని ఆనాటి నమ్మకము. ఆ ఛాయ బాధితులకు మాత్రమే కనబడునట, తక్కినవారికి కనబడదట. ఫలానా స్త్రీ ఛాయ నన్ను గొంతు పిసికెనని ఒక బాలిక చెప్పినచో దానిని న్యాయస్థానము సాక్ష్యముగా స్వీకరించెను. ఆ వేళ నేను నా ఇంట నిద్రించుచుంటినని నిందితురాలు ఋజువు చేసినను ప్రయోజనము లేదు. దేహము ఇంటనున్నను ఛాయ తిరుగుచుండును గదా! ఇట్టి నిందను తప్పించుకొను మార్గము లోకమున లేదు. నిందితురాలు ఏడ్చినచో కపటము, ఏడువనిచో రాతిగుండె. నోరెత్తినచో పొగరు, మౌనముగా ఉన్నచో నేరము ఒప్పుకొనుట. ఏ జవాబు చెప్పినను దోషమే ఋజువగునట్టి ప్రశ్న, నిజమును తెలిసికొనుటకు అడిగిన ప్రశ్న కాదు.

ఇంకొక విచిత్రము కలదు. నేరము ఒప్పుకొని, ఆ మాటపైననే నిలిచినవారిలో ఒక్కరినైనను ఉరితీయలేదు. నేను చేయలేదని సత్యము పలికినవారినే ఉరితీసిరి. అబద్ధమాడినచో ప్రాణము దక్కును. నిజము చెప్పినచో ప్రాణము పోవును. ఒప్పుకొన్నవారిని తోడి మంత్రగత్తెల పేర్లు చెప్పుమని అడిగెడివారు. అందువలన ఒక్కొక్క ఒప్పుకోలు నుండి మరికొన్ని నిందలు పుట్టెను. భయపడినవారి సంఖ్య పెరిగిన కొలది ఒప్పుకోళ్లు పెరిగెను. ఒప్పుకోళ్లు పెరిగిన కొలది, మంత్రగత్తెలు నిజముగా ఉన్నారను నమ్మకము బలపడెను. ఈ విషవలయమును గ్రహించినగాని సేలం వృత్తాంతము మనకు బోధపడదు.

క్రొత్త గవర్నరు సర్ విలియం ఫిప్స్ మే నెలలో వచ్చి, ఈ నేరముల విచారణకై ప్రత్యేక న్యాయస్థానమును నియమించెను. విలియం స్టౌటన్ అను నతడు ప్రధాన న్యాయమూర్తి. జూన్ 10వ తేదీన బ్రిడ్జెట్ బిషప్ అను స్త్రీని మొదట ఉరితీసిరి. అది చూచి మనసు కలతచెందిన నెథానియల్ సాల్టన్‌స్టాల్ అను న్యాయమూర్తి తన పదవిని వదలుకొనెను. తక్కినవారు తమ పని సాగించిరి.

రెబెకా నర్స్ అను డెబ్బదియొక్క యేండ్ల వృద్ధురాలి కథ మిక్కిలి దుఃఖకరమైనది. ఆమె సాధుశీల, భక్తురాలు. ఆమె యోగ్యురాలని ఇరుగుపొరుగువారు ముప్పదితొమ్మిదిమంది సంతకములు చేసి ధైర్యముతో అర్జీ పెట్టుకొనిరి. జూరీ సభ్యులు ఆమె నిర్దోషియని తీర్పు చెప్పిరి. వెంటనే బాధితులమనుకొను బాలికలు న్యాయస్థానమున పెద్దపెట్టున అరచిరి. ప్రధాన న్యాయమూర్తి జూరీని మరల ఆలోచింపుమనెను. ఆమె పలికిన ఒక మాటకు అర్థమేమని జూరీ సభ్యుడొకడు ఆమెనే అడిగెను. చెవులు సరిగా వినబడని ఆ వృద్ధురాలు బదులు చెప్పలేదు. ఆ మౌనమునే దోషముగా నెంచి జూరీవారు తమ తీర్పును మార్చుకొనిరి. జూలై 19వ తేదీన ఆమెను, సారా గుడ్‌ను, మరి ముగ్గురు స్త్రీలను ఉరితీసిరి.

ఆమె చెల్లెలు మేరీ ఈస్టీ కూడ శిక్షకు గురియయ్యెను. చావు తప్పదని తెలిసిన పిదప ఆమె న్యాయమూర్తులకు ఒక విన్నపము వ్రాసెను. అందులో ఆమె తన ప్రాణమును భిక్ష కోరలేదు. ఇకమీదట నిర్దోషుల రక్తము చిందకుండ చూడుడని మాత్రమే కోరెను. నింద మోపుచున్నవారిని ఒకచోట చేర్పక, వేరువేరుగా నుంచి ప్రశ్నింపుడని సూచించెను. ఇది ఎంతో వివేకముగల సూచన. నేటి నేరపరిశోధకులు అనుసరించు పద్ధతి ఇదియే. అయినను ఆమెను సెప్టెంబరు 22వ తేదీన మరి ఏడుగురితో పాటు ఉరితీసిరి. అంతకు మూడు దినములకు ముందు, ఎనుబదియేండ్ల ప్రాయము గల రైతు గైల్స్ కోరీ, తాను ఆ న్యాయస్థానపు విచారణకు లోబడనని నిరాకరించినందున, ఎదపై బండరాళ్లు పేర్చి చంపిరి. మొత్తము మీద పందొమ్మిదిమందిని ఉరితీసిరి. వారిలో పదునలుగురు స్త్రీలు, ఐదుగురు పురుషులు. కనీసము ఐదుగురు చెరసాలలో మరణించిరి.

ఉరికంబము ఎక్కనివారికి కూడ హాని తప్పలేదు. చెరసాలలో తినిన తిండికి, వేసిన సంకెలకు కూడ ఖైదీయే డబ్బు చెల్లింపవలెను. నిర్దోషియని తేలినను ఆ సొమ్ము చెల్లింపనిదే విడుదల లేదు. కొందరి ఆస్తులను అధికారులు జప్తు చేసిరి. పొలములు దున్నువారు లేక బీడుపడెను. తల్లి చెరలోనుండ పిల్లలు దిక్కులేనివారైరి. వీనికన్నింటికంటెను పెద్ద నష్టము వేరొకటి. పొరుగువానిని పొరుగువాడు నమ్మడు. భార్యపై భర్త సాక్ష్యము చెప్పెను. తల్లిపై బిడ్డ సాక్ష్యము చెప్పెను. నమ్మకము చెడిన ఊరు చెరసాల కంటె హీనము.

ఈ మంట ఎట్లు చల్లారెను? దానికి కారణములు పెక్కు. నింద అంతకంతకు పైకి ప్రాకి, లోకము గౌరవించువారిని కూడ తాకెను. గవర్నరు భార్య పేరు సహితము వినవచ్చెనందురు. తమ ఇంటి గడపను తాకిన పిదప పెద్దలకు అనుమానము కలిగెను. బోస్టను నగరపు మతగురువు ఇంక్రీజ్ మేథర్ అక్టోబరు నెలలో ఒక ప్రకరణము వ్రాసి, ఛాయను చూచితిమను మాటపై ఆధారపడి ఎవరిని శిక్షింపరాదని వాదించెను. నిర్దోషియొకరు చచ్చుటకంటె అనుమానితులు కొందరు తప్పించుకొనుటయే మేలని ఆయన మతము. గణితశాస్త్రమునందు ఆసక్తి గల థామస్ బ్రాటిల్ అను వర్తకుడు విచారణలలోని లోపములను ఒక్కటొక్కటిగా ఎత్తిచూపుచు ఒక లేఖ వ్రాసెను. ఆ నెల చివరనే గవర్నరు ఆ న్యాయస్థానమును రద్దుచేసెను. 1693లో క్రొత్త న్యాయస్థానము ఛాయాసాక్ష్యమును త్రోసిపుచ్చెను. ఆ ఒక్క సాక్ష్యము తొలగింపగానే కేసులు దాదాపు అన్నియు కూలిపోయెను. మే నెల నాటికి మిగిలిన ఖైదీలకు గవర్నరు క్షమాభిక్ష ప్రసాదించెను.

ఇచట మనము గమనింపదగిన విషయమొకటి కలదు. మంత్రగత్తెలు లేరని ఆ జనులు ఒక్కదినమున గ్రహింపలేదు. మేథరు కూడ మంత్రగత్తెలున్నారనియే నమ్మెను. వారు మార్చుకొన్నది సాక్ష్యమును గూర్చిన నియమమును మాత్రమే. ఇతరులెవ్వరికి కనబడని దానిని ఋజువుగా స్వీకరింపరాదని నిశ్చయించిరి. అంతమాత్రము చేతనే ఎన్నో ప్రాణములు నిలిచెను. నమ్మకములు మారుటకు తరములు పట్టవచ్చును. ఋజువు చూపుమని అడుగుటకు ఒక్క క్షణము చాలును.

తప్పు తెలిసిన పిదప దానిని అందరి యెదుట ఒప్పుకొన్నవారును కలరు. 1697 జనవరిలో ఆ వలస రాజ్యమంతట ఉపవాస ప్రార్థనాదినము జరిపిరి. ఆ దినమున శామ్యూల్ సూయల్ అను న్యాయమూర్తి బోస్టను చర్చిలో నిండుసభయందు లేచి నిలువగా, ఆయన వ్రాసి యిచ్చిన పశ్చాత్తాప పత్రమును మతగురువు చదివెను. జూరీ సభ్యులు పన్నెండుమంది తాము పొరబడితిమని సంతకములు చేసి క్షమాపణ కోరిరి. నింద మోపిన బాలికలలో ఒకతెయగు ఆన్ పుట్నం 1706లో సేలం గ్రామ చర్చియందు అట్లే క్షమాపణ చెప్పుకొనెను. నేరము జరిగిన నాడు ఆమె వయసు పన్నెండేండ్లు. ప్రధాన న్యాయమూర్తి స్టౌటన్ మాత్రము ఎన్నడును చింతింపలేదు. 1711లో శాసనసభ ఇరువదిరెండుమందిపై పడిన శిక్షలను రద్దుచేసి, బాధిత కుటుంబములకు కొంత పరిహార మిచ్చెను. పరిహారము ఇల్లు కట్టుటకు పనికివచ్చును గాని, పోయినవారిని తిరిగి తేజాలదు.

ఆ పిల్లలకు నిజముగా ఏమయ్యెనని చరిత్రకారులు ఎంతోకాలముగా చర్చించుచున్నారు. వరిగ వంటి రై అను ధాన్యమునకు పట్టు ఒక విషపు బూజు మతిభ్రమను కలిగించెనని 1976లో ఒక వాదము బయలుదేరెను. పెక్కుమంది పండితులు దానిని అంగీకరింపలేదు. భయము, యుద్ధపు వార్తలు, పెద్దల ఒత్తిడి, ఒకరిని చూచి ఒకరు అనుకరించుట, కొందరి కపటము, ఇవన్నియు కలిసి పనిచేసినట్లు తోచుచున్నది. అయితే పిల్లల జబ్బునకు కారణమేదైనను, పందొమ్మిదిమందిని ఉరితీసినది పిల్లలు కాదు. పిల్లల మాటను శాసనముగా మార్చిన పెద్దలు.

సేలం ఒంటరి ఉదాహరణము కాదు. ఐరోపాలో పదునైదవ శతాబ్దము నుండి పదునెనిమిదవ శతాబ్దము వరకు మంత్రగత్తెలను నిందతో దాదాపు నలుబదివేల నుండి అరువదివేలమందిని చంపిరని చరిత్రకారుల అంచనా. వారిలో అధికభాగము స్త్రీలే. తుదకు 1735లో బ్రిటిషు పార్లమెంటు ఒక చట్టము చేసెను. మంత్రగత్తెయని ఒకరిని శిక్షించుట దాని తరువాత సాగలేదు. తనకు మంత్రశక్తి కలదని చెప్పి జనులను మోసగించుటయే అప్పటినుండి నేరమయ్యెను.

ఇది దూరదేశపు పాతకథయని మనము నిశ్చింతగా ఉండుటకు వీలులేదు. మన తెలుగునాట చేతబడి, చిల్లంగి, బాణామతి అను మాటలు వినని పల్లె అరుదు. పశువు చచ్చినను, పసిబిడ్డకు జ్వరము తగ్గకున్నను, ఎవరో ఏదో చేసిరను అనుమానము పుట్టును. అనుమానము పుట్టిన తరువాత అది ఎవరిపై వాలును? సేలంలో వలెనే బలము లేనివారిపై వాలును. దిక్కులేని వితంతువుపై, ఒంటరి వృద్ధునిపై, రెండెకరముల పొలముండి వారసులు లేనివారిపై వాలును. వారిని కొట్టుట, ఊరినుండి వెళ్లగొట్టుట, మంత్రము పలుకకుండ పండ్లూడగొట్టుట, ప్రాణములు తీయుట వరకు పోయిన ఘటనలు కలవు. జాతీయ నేరనమోదు కార్యాలయపు లెక్కల ప్రకారము, 2000 తరువాతి పదునైదేండ్ల కాలమున దేశమంతట ఇట్టి నిందల మూలమున రెండువేలమందికి మించి హత్యకు గురియైరి.

అస్సాములోని గోవాల్‌పాడా జిల్లాకు చెందిన బీరుబాలా రాభా అను గ్రామీణ స్త్రీ జీవితము ఇచట తలపదగినది. ఆమె కుమారునకు జబ్బుచేయగా గ్రామ భూతవైద్యుడు చూచి, ఈ బాలుడు కొలది దినములలో చచ్చునని చెప్పెను. ఆ గడువు దాటెను. బాలుడు బ్రతికియే యుండెను. ఆ తల్లి ఆలోచనలో పడెను. ఈ వైద్యుని మాట ఇచట అబద్ధమైనప్పుడు, ఫలానా స్త్రీ మంత్రగత్తెయని ఆయన చెప్పు మాట మాత్రము నిజమెట్లగును? పెద్దచదువులు లేని ఆమె వేసిన ఆ ప్రశ్న హార్వర్డులో చదివిన సేలం న్యాయమూర్తులకు తట్టలేదు. ఆమె బెదరింపులకు, వెలికి వెరవక ఊరూర తిరిగి ఎందరినో కాపాడెను. అట్లే ఝార్ఖండులో స్వయముగా మంత్రగత్తెయను నిందకు గురియై, ఇల్లు విడిచిపోయిన చుట్నీ మహతో అను స్త్రీ, తనవంటి వారికి అండయై నిలిచెను. 2021లో భారత ప్రభుత్వము ఈ ఇద్దరిని పద్మశ్రీ బిరుదముతో గౌరవించెను. బీరుబాలా రాభా 2024లో స్వర్గస్థురాలయ్యెను. బీహారు 1999లోను, ఝార్ఖండు 2001లోను, ఛత్తీస్‌గఢ్ 2005లోను, ఒడిశా 2013లోను ఇట్టి నిందలను అరికట్టుటకు ప్రత్యేక చట్టములు చేసెను. తరువాత రాజస్థాను, అస్సాము రాష్ట్రములును చేసెను.

ఒక్కొక్కప్పుడు నింద మంత్రగత్తె వేషమున రాదు. వేరొక వేషమున వచ్చును. సమాజమంతయు ఒక ఆపద ముంచుకొనివచ్చెనని ఒక్కసారిగా బెదరి, ఎవరినో ఒకరిని దానికి కారకులని నిర్ణయించి వెంటాడుటను సంఘశాస్త్రజ్ఞులు ప్రత్యేకముగా పరిశీలించిరి. స్టాన్లీ కోహెన్ అను పండితుడు 1972లో ఈ విషయమై పేరొందిన గ్రంథము వ్రాసెను. 2018లో మన దేశమున జరిగినదేమి? పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని వాట్సాప్ సందేశములు చేతిఫోనుల నుండి చేతిఫోనులకు ప్రాకెను. వదంతిని నమ్మిన జనులు, ఊరికి క్రొత్తవారైన బాటసారులను, బిచ్చగాండ్రను, మతిస్థిమితము లేనివారిని పట్టి కొట్టిరి. మన తెలుగునాట కూడ ఇట్టి దాడులు జరిగెను. మహారాష్ట్రలోని ధూలే జిల్లాలో ఒక్క జూలై 1వ తేదీననే ఐదుగురు నిర్దోషులను కొట్టిచంపిరి. వారు పొట్టకూటికై ఊరూర తిరిగి యాచించు సంచారజాతివారు. సేలంలోని సారా గుడ్ కూడ యాచకురాలే గదా! కాలము మారెను, వార్తను మోయు సాధనము మారెను, నింద వాలు చోటు మాత్రము మారలేదు.

ఇట్టి వేళలలో ఏమి చేయవలెను? జబ్బుచేసినవారిని ఆసుపత్రికి కొనిపోవలెను. నింద వినినప్పుడు కొన్ని ప్రశ్నలు వేసికొనవలెను. చెప్పువాడు కన్నులార చూచెనా, ఎవరైన చెప్పగా వినెనా? నిందితుడు తాను నిర్దోషినని చూపుకొనుటకు మార్గమున్నదా, ఏమి చెప్పినను తప్పేయగునా? ఈ నిందవలన ఎవరికైనను పొలమో, పగయో కలిసివచ్చుచున్నదా? పదిమంది నమ్మిరన్నంత మాత్రమున అబద్ధము నిజము కాదు. ఈ ప్రశ్నలను గుంపు నడుమ నిలిచి అడుగుట కష్టము. మార్తా కోరీవలె అడిగినవారికే ముప్పు రావచ్చును. కావుననే ఒకరు అడిగినప్పుడు రెండవవారు తోడు నిలువవలెను. రెబెకా నర్స్ కొరకు సంతకములు చేసిన ముప్పదితొమ్మిదిమంది ఆమెను కాపాడలేకపోయిరి. కాని వారి సంఖ్య మూడువందల తొంబదియై యుండినచో, ఏమి జరిగియుండెడిదో ఆలోచింపుడు.

సేలం కథలో తుది ఘట్టము మన కాలమున జరిగినది. 1693 జనవరిలో శిక్షపడినవారిలో ఎలిజబెత్ జాన్సన్ అను యువతి కలదు. ఆమె ఆండోవర్ గ్రామవాసి. నింద పడునాటికి ఆమెకు ఇరువదిరెండేండ్లు. గవర్నరు దయవలన ఉరి తప్పెను గాని, దోషియను పేరు తొలగలేదు. 1711లో నిర్దోషులుగా ప్రకటించిన వారి పట్టికలో ఆమె పేరు లేకపోయెను. నా పేరును కూడ చేర్పుడని ఆమె స్వయముగా అర్జీ పెట్టుకొన్నను ఫలము లేకపోయెను. ఆమెకు పిల్లలు లేరు. అందుచే ఆమె కొరకు అడుగు వంశీకులు లేరు. తరువాతి శతాబ్దములలో ఇతరుల పేర్లన్నియు మెల్లగా నిర్దోషుల పట్టికలో చేరెను. ఆమె పేరొక్కటి మిగిలిపోయెను.

ఆమె నివసించిన చోటనే నేడు నార్త్ ఆండోవర్ అను ఊరున్నది. అచటి మాధ్యమిక పాఠశాలలో ఎనిమిదవ తరగతి పిల్లలు పౌరశాస్త్ర పాఠములో భాగముగా తమ ఉపాధ్యాయినితో కలిసి ఈ విషయమును పరిశోధించిరి. పాత పత్రములు చదివిరి. శాసనసభ్యులకు లేఖలు వ్రాసిరి. వారి కోరికను ఒక శాసనసభ్యురాలు సభ ముందుంచెను. 2022 జూలై నెలలో మసాచుసెట్స్ ప్రభుత్వము ఎలిజబెత్ జాన్సన్ నిర్దోషియని శాసనము ద్వారా ప్రకటించెను. శిక్షపడిన నాటినుండి లెక్కించినచో, అప్పటికి మూడువందల ఇరువదితొమ్మిది సంవత్సరములు గడచెను. పన్నెండేండ్ల పిల్లల మాట ఒకప్పుడు ఆ ప్రాంతమున పందొమ్మిదిమంది ఉరికి త్రోవచూపెను. ఇంచుమించు ఆ వయసు పిల్లలే, చూచినట్లు కల్పింపక, పత్రములు చదివి ఋజువులు చూపి, ఏనాడో మరణించిన ఒక దిక్కులేని స్త్రీకి ఆమె మంచిపేరును తిరిగి ఇప్పించిరి.